ఒకటిన్నర గీత దగ్గర: నీటి పరీక్షలో అనిశ్చితి గురించి
(మహారాష్ట్రలోని బల్లార్షాలో తెలుగు విద్యార్థులకు, నీటి పరీక్షా కేంద్రాల సిబ్బందికి చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, రసాయనశాస్త్రం చదువుతున్న పిల్లలకు, ఈ పనిలోనే ఉన్న నా తోటివారికి నమస్కారం.

రాజురా, కోర్పనా వైపు నుంచి వచ్చినవారిలో పత్తి పండించే ఇళ్ల పిల్లలు చాలామందే ఉంటారు. కొనుగోలు కేంద్రంలో బండి ఆగగానే ముందు జరిగేది తేమ పరీక్ష అని వారికి నేను చెప్పనక్కర్లేదు. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే పత్తి వెనక్కి వస్తుంది. మీటరు ముళ్లు ఒకచోట గుచ్చితే 11.6 చూపిస్తుంది, జానెడు పక్కన గుచ్చితే 12.4 చూపిస్తుంది. రైతు మొదటి అంకెను పట్టుకుంటాడు, కొనేవాడు రెండోదాన్ని పట్టుకుంటాడు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఆ కుప్పలో, ఆ మీటరుతో, తేమ 12కు కాస్త అటూ ఇటూగా ఉందని తప్ప అంతకు మించి చెప్పలేం. ఆ ‘అటూ ఇటూ’ ఎంతో లెక్కగట్టి, అంకె పక్కన రాసి, దాని కింద సంతకం పెట్టడాన్నే మా వృత్తిలో కొలత అనిశ్చితిని తెలపడం అంటాం.

అనిశ్చితి అంటే పొరపాటు కాదు. పొరపాటు దొరికితే దిద్దుకుంటాం. దిద్దుకోవలసినవన్నీ దిద్దుకున్నాక కూడా కొలతలో మిగిలే సందేహపు వెడల్పే అనిశ్చితి. దాన్ని లెక్కించే పద్ధతిని 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒక మార్గదర్శినిగా ప్రచురించింది. ఈనాడు ప్రయోగశాలల గుర్తింపుకు ఆధారమైన ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 కూడా ఆ లెక్కను తప్పనిసరి చేసింది.

ఇక నీటి సంగతికి వస్తాను. మన దేశంలో, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో ప్రకటించినది తెలుగునేల మీదే, అప్పటి నెల్లూరు జిల్లాలో. మన చంద్రపూర్ జిల్లాలోనూ కొన్ని బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీటిలో అది లీటరుకు 1.0 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 వరకు ఒప్పుకుంటారు. అందువల్ల 0.4 వచ్చిన నీటి గురించి గాని, 4 వచ్చిన నీటి గురించి గాని మనకు బెంగ లేదు, ఏం చెప్పాలో తెలుసు. చిక్కంతా ఒకటిన్నర గీత పక్కన నిలబడే నమూనాలతోనే.

నీటిలోని ఫ్లోరైడ్‌ను మిల్లీవోల్టుల్లో చూపే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పని చేసినవారు ఒక్క విషయం గమనించే ఉంటారు. గాఢత పదింతలు పెరిగితే రీడింగు మారేది 25 డిగ్రీల వద్ద దాదాపు 59 మిల్లీవోల్టులే. అంటే ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే గాఢతలో నాలుగు శాతం తేడా వచ్చినట్టు. రీడింగు స్థిరపడకముందే తొందరపడి రాసుకుంటే ఆ ఒక్క మిల్లీవోల్టు ఎటు పోయిందో కూడా తెలియదు. పైగా ఆ 59 అన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది; 40 డిగ్రీల వద్ద అది 62 దాటుతుంది. మే నెలలో బయట 45 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, పొద్దున చల్లటి వేళ క్యాలిబ్రేషన్ చేసి (అంటే గాఢత తెలిసిన ద్రావణాలతో మీటరును సరిచూసి), కరెంటు పోయిన మధ్యాహ్నం నమూనాలు చూస్తే ఫలితం ఏమవుతుందో ఆలోచించండి. 20 డిగ్రీలకు గుర్తుపెట్టిన ఫ్లాస్కును 35 డిగ్రీల గదిలో గీత వరకు నింపితే, అందులో పట్టే నీరు 20 డిగ్రీల నాటి కంటే దాదాపు 0.4 శాతం తక్కువ బరువు తూగుతుంది. వీటికి తోడు నమూనాలో కలిపే బఫరు ద్రావణం సంగతి ఉంది. పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య నిలవాలి, నీటిలోని అల్యూమినియం అనే లోహం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచకుండా బఫరులోని పదార్థం దాన్ని విడదీయాలి. బఫరు కలపడంలో అశ్రద్ధ చేస్తే ఎంత మంచి మీటరైనా తక్కువే చూపిస్తుంది.

ఈ సందేహాలన్నిటినీ నేరుగా కూడకూడదు. ఒక్కొక్కదాని వర్గాన్ని కూడి, వర్గమూలం తీయాలి. ఉదాహరణకు, మళ్లీ మళ్లీ కొలిచినప్పుడు వచ్చే తేడా 4 శాతం, క్యాలిబ్రేషన్ గీత వల్ల 3 శాతం, స్టాండర్డ్ (గాఢత తెలిసిన ద్రావణం) వల్ల 1 శాతం, గాజు సామాను వల్ల అర శాతం అనుకుందాం. అన్నీ కలిపితే 5.12 శాతం వస్తుంది. ఖరీదైన పిపెట్లు కొని ఆ అర శాతాన్ని పూర్తిగా తీసేశామనుకున్నా 5.10 దగ్గరే ఆగుతాం. పిల్లలు ఈ లెక్కను ఇంటికి వెళ్లి కాగితం మీద వేసి చూడాలని నా కోరిక. ఏ పని మీద శ్రద్ధ పెట్టాలో, ఏది ఉత్త ఆర్భాటమో అది చెప్పినంత బాగా మరేదీ చెప్పదు. 5.12ను రెండింతలు చేస్తే సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పగల హద్దు వస్తుంది. అప్పుడు 1.45 అన్న ఫలితం 1.45 ± 0.15 అవుతుంది. అసలు విలువ 1.30 కావచ్చు, 1.60 కావచ్చు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ప్రయోగశాలలో రోజూ విలువ ముందే తెలిసిన ఒక నియంత్రణ నమూనాను కొలిచి, చార్టు మీద చుక్క పెట్టేవాళ్లం. ఏప్రిల్‌లో వరుసగా ఎనిమిది రోజులు చుక్కలు సగటు గీతకు కిందనే పడ్డాయి. హెచ్చరిక గీతను ఒక్కటీ దాటలేదు కనుక అంతా సవ్యంగానే ఉందనుకుని నేనే సంతకం పెట్టాను. తరువాత చూస్తే, స్టాక్ స్టాండర్డ్ (మిగతా స్టాండర్డ్‌లను పలచన చేసి తయారుచేసుకునే మూల ద్రావణం) ఉన్న ప్లాస్టిక్ సీసా మూత అంచున సన్నగా చీలి ఉంది. ఎండకు నీరు ఆవిరై, మేము 100 అనుకుంటున్న స్టాండర్డ్ 108 అయ్యింది. కొలబద్దే పెరిగితే కొలిచిన వస్తువు చిన్నదిగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో 1.44 అని, తాగడానికి పనికొస్తుందని పంపిన ఒక ఊరి బోరు నీటిని కొత్త స్టాండర్డ్‌తో చూస్తే 1.55 వచ్చింది. ఆ ఊరివాళ్లు అప్పటికి మూడు వారాలుగా అవే నీళ్లు తాగుతున్నారు. ఆ నివేదిక మీద ఉన్న నా సంతకం ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతుంది.

అందుకే చార్టును గీతలు దాటిందా లేదా అని మాత్రమే చూడవద్దని నేను పదే పదే చెబుతాను. చుక్కలు ఒకే వైపు వాలుతుంటే అదే కబురు. నియంత్రణ నమూనాను క్యాలిబ్రేషన్‌కు వాడిన సీసా నుంచి చేయకూడదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పర్యవేక్షణలో వచ్చే ‘భారతీయ నిర్దేశక ద్రవ్య’ వంటి ధ్రువీకృత పదార్థంతో దాన్ని సరిచూసుకోవాలి. ప్రయోగశాలల మధ్య జరిగే నైపుణ్య పరీక్షల్లో జెడ్ స్కోరు (సరైన విలువకు మన ఫలితం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) 2 లోపు ఉంటే సరి, 3కు చేరితే పని ఆపి కారణం వెతకాలి. ఆ పరీక్ష నమూనాను పెద్ద అనుభవజ్ఞుడి చేతికి ప్రత్యేకంగా ఇవ్వడం నాకు నచ్చదు. రోజువారీ పని ఎవరు చేస్తారో వారే చేయాలి.

చివరిగా నివేదిక మాట. అది మరాఠీలో వెళ్తుంది, ఊరివాళ్లు మాత్రం తెలుగులో “ఈ నీళ్లు తాగొచ్చా సారూ?” అని అడుగుతారు. గీత దగ్గరి ఫలితానికి మా దగ్గర ఇప్పుడు ఒక నియమం ఉంది, దాన్ని ముందే రాసిపెట్టుకున్నాం. 1.35 లోపు వస్తే పరిమితికి లోబడి ఉందని రాస్తాం, 1.65 దాటితే మించిందని రాస్తాం. మధ్యలో ఉంటే తేల్చి రాయకుండా, మరో రోజు మళ్లీ నీళ్లు పట్టి, రెండు సార్లు చూస్తాం. ఆ లోగా అడిగినవారికి నేను చెప్పేది ఇంతే: “దగ్గర్లో ఒకటి లోపు వచ్చిన బోరు ఏదైనా ఉంటే తాగడానికి, వంటకు ఆ నీళ్లే తెచ్చుకోండమ్మా, ముఖ్యంగా పళ్లు వస్తున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు. ఈ నీళ్ల సంగతి వచ్చే వారం వచ్చి నేనే చెబుతాను.”