తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం కలిపి పీహెచ్‌డీ: ముందు ప్రశ్న తేల్చుకోండి

బెంగళూరులో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులందరికీ నమస్కారం.

‘చైతన్యం: వేదాంతం, మనోవిజ్ఞానం – ఒక పరిశీలన’ లాంటి శీర్షికలతో ప్రతిపాదనలు రాయాలని చాలామందికి ఉంటుంది. అందులో ప్రశ్న ఏదీ? సగం పుటల్లో శంకరుడు, మిగతా సగంలో ప్రయోగశాల, చివర ఇద్దరూ ఒకటే చెప్పారన్న తీర్మానం. ఒక శాస్త్రం చెయ్యి అందించకపోతే రెండోది ముందుకు కదలలేని చోటు ఉంటుంది. మీరు వెతకాల్సింది దాన్నే.

1983లో నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ బృందం చేసిన ప్రయోగం చూడండి. 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరిగే చుక్కను చూస్తూ, మనసు పుట్టినప్పుడు మణికట్టు కదపాలి. కదపాలనిపించిన క్షణంలో చుక్క ఎక్కడుందో తర్వాత చెప్పాలి. ఆ అనిపించడం కదలికకు దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు. మెదడులో విద్యుత్ మార్పు మొదలైంది సుమారు 550 మిల్లీసెకన్ల ముందు. ఇంకేముంది, స్వేచ్ఛా సంకల్పం భ్రమేనని చాలామంది తీర్పు చెప్పేశారు.

ఇక్కడ తత్త్వశాస్త్రం అడ్డుపడాలి. కొలిచింది కోరికనా, సంకల్పాన్నా, నిర్ణయాన్నా? ప్రయోగంలో పాల్గొంటానని ఒప్పుకున్నప్పుడే అసలు నిర్ణయం అయిపోలేదా? అయితే ఈ విశ్లేషణ ఒక్కటే సరిపోదు. 2012లో షర్గర్ బృందం మరో వివరణ ఇచ్చింది: మెదడులో ఎప్పుడూ ఉండే ఒడిదుడుకులు ఒక హద్దు దాటినప్పుడు కదలిక జరుగుతుంది, కదలిక క్షణం నుంచి వెనక్కి లెక్కగట్టి సగటు తీస్తాం కాబట్టి అది ముందస్తు సన్నాహంలా కనిపిస్తుంది. ఈ మాట చెప్పడానికి గణిత నమూనా, దత్తాంశం కావాలి. ఇలాంటి అంశం మీద మూడు నాలుగేళ్లు కూర్చున్నా విసుగు రాదు.

కాబట్టి భావన విశ్లేషణ అధ్యాయం ముందు రాయండి, ప్రశ్నావళి తర్వాత తయారు చేయండి. వరస తిరగబడితే, ఏం కొలిచారో వైవాలో మీకే చెప్పడం కష్టమవుతుంది.

శాంపిల్ సంగతి. రెండు గుంపుల సగటుల మధ్య మధ్యస్థాయి తేడా (ప్రామాణిక విచలనంలో 0.5 వంతు) పట్టుకోవాలంటే, 5 శాతం ప్రమాణంతో (లేని తేడాను ఉందనే అవకాశం), 80 శాతం సామర్థ్యంతో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) గుంపుకు 64 మంది కావాలి. తేడా 0.2 అయితే గుంపుకు దాదాపు 400 మంది. హాస్టల్లో దొరికిన ముప్పై మందితో సరిపెడితే ఉన్న తేడా కూడా చాలాసార్లు చేజారిపోతుంది. 2015లో వంద మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలబడినవి 36 శాతమే. అందుకే పరికల్పన, విశ్లేషణ పద్ధతి ముందే నమోదు చేసి పెట్టుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్కరిని కూడా ప్రశ్నించవద్దు. సేకరించాక అడిగితే ఆ సమాచారం వృథా.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు, గడువు మూడు నుంచి ఆరేళ్లు. కోర్స్‌వర్క్‌లోనే గణాంకాలు, తర్కం రెండూ ఉండేలా చూసుకోండి.

ఈ ఊళ్లో ఐఐఎస్‌సీ ఆవరణలోని నియాస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్)లో చైతన్యంపై పరిశోధన సాగుతోంది, మానసిక ఆరోగ్యానికి నిమ్హాన్స్ ఉంది. ఎక్కడ చేరినా డిగ్రీ ఒక్క శాఖ పేరు మీదే వస్తే, రేపు ఉద్యోగ ప్రకటనలో అడిగే సబ్జెక్టు అదే అవుతుంది. అందుకని బోధించాలనుకునే శాఖలో గైడ్‌ను, రెండో శాఖ నుంచి కో-గైడ్‌ను ఎంచుకోండి. థీసిస్‌లో ప్రయోగానికి ఎంత వాటా, వాదానికి ఎంత వాటా అన్నది ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ప్రతిపాదన దాఖలు చేయకముందే తేల్చుకోండి.