డైనో షీట్ మీద 158 పీఎస్: అందులో ఇంజిన్‌ది ఎంత, బెంగళూరు గాలిది ఎంత?

హోస్ట్: అందరికీ నమస్కారం. బెంగళూరు నుంచి తెలుగులో కార్ల కబుర్లు చెప్పుకునే మన పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో ఉన్న కారుకి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం), ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన వేడి గాలిని చల్లబరిచేది), డౌన్‌పైప్ (టర్బో తర్వాత వచ్చే పొగ గొట్టం) లాంటివి వేయించాక పవర్ నిజంగా ఎంత పెరిగిందో ఎలా కొలవాలి అన్నదే ఈరోజు విషయం. నాతో ఉన్న అన్నది మదనపల్లె. ఇక్కడ పీణ్యాలో ఒక ట్యూనింగ్ వర్క్‌షాప్‌లో డైనో, అంటే కారు పవర్ కొలిచే మెషీన్, నడిపేది ఆయనే. అన్నా, నేరుగా ఒక షీట్‌తో మొదలుపెడదాం. కారు పోలో 1.0 టీఎస్ఐ, కంపెనీ చెప్పిన పవర్ 110 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి యూనిట్). స్టేజ్ 1, అంటే పార్టులేవీ మార్చని రీమ్యాప్ తర్వాత షీట్ మీద 158 వచ్చింది అనుకుందాం. 48 పెరిగినట్టేనా?

ట్యూనర్: కాదు తమ్ముడూ. ఆ ఒక్క షీట్ పెట్టుకుని ఎంత పెరిగిందో ఎవరూ చెప్పలేరు. రీమ్యాప్‌కి ముందు అదే కారుని అదే డైనో మీద ఎక్కించి తీసిన రీడింగ్ ఏది? 110 అనేది కంపెనీ ల్యాబ్‌లో ఇంజిన్ క్రాంక్ (ఇంజిన్ తిప్పే ప్రధాన షాఫ్ట్) దగ్గర కొలిచిన లెక్క. 158 అలా వచ్చింది కాదు. చక్రాల దగ్గర కొలిచి, గేర్‌బాక్స్‌లో, టైర్లలో పోయేదాన్ని అంచనా కట్టి కలిపి, ఆపైన వాతావరణానికి కరెక్షన్ వేస్తే వచ్చింది. దాంట్లోంచి 110 తీసేసి 48 అంటే, రెండు వేరే తరాజుల్లో తూచిన బియ్యానికి తేడా లెక్కగట్టినట్టు.

హోస్ట్: ముందు అసలు డైనో ఏం కొలుస్తుందో చెప్పండి.

ట్యూనర్: డైనో పవర్‌ని నేరుగా కొలవదు. టార్క్‌నీ, అంటే తిప్పే బలాన్నీ, వేగాన్నీ కొలుస్తుంది. పవర్ లెక్క కట్టేదే. న్యూటన్ మీటర్లలో టార్క్‌ని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లు) గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక కిలోవాట్ అంటే సుమారు 1.36 పీఎస్. బీహెచ్‌పీ ఇంకో యూనిట్, 150 పీఎస్ అంటే 148 బీహెచ్‌పీ. ఇక మెషీన్లలో రెండు ప్రధాన రకాలు. ఒకటి ఇనర్షియా డైనో. బరువైన డ్రమ్ముని కారు ఎంత త్వరగా తిప్పగలిగిందో చూసి లెక్క కడుతుంది. రెండోది లోడ్ డైనో. రోలర్లకి విద్యుదయస్కాంత బ్రేక్ ఉంటుంది, అది కారుకి ఎదురు పట్టి ఆపుతుంటే ఎంత బలం పడుతోందో లోడ్ సెల్ కొలుస్తుంది.

హోస్ట్: టర్బో కారుకి ఏది మంచిది?

ట్యూనర్: లోడ్ డైనో. డ్రమ్ము తేలిగ్గా ఉంటే ఆర్‌పీఎం సర్రున ఎక్కేస్తుంది, టర్బోకి పూర్తి బూస్ట్ (టర్బో పెంచే గాలి ఒత్తిడి) కట్టడానికి టైమ్ ఉండదు. రోడ్డు మీద ఎత్తుగడ్డ ఎక్కేటప్పుడు ఇంజిన్ మీద పడే బరువు అక్కడ పడదు. లోడ్ డైనోలో ఎన్ని సెకన్లలో 2000 నుంచి 6000కి ఎక్కాలో మనమే పెట్టుకోవచ్చు. అయితే మార్చడానికి ముందు, తర్వాత ఆ సెట్టింగ్ ఒకటే ఉండాలి.

హోస్ట్: ఇందాక కరెక్షన్ అన్నారు. షీట్ అడుగున చిన్న అక్షరాల్లో ఏదో ఉంటుంది, ఎవరూ చూడరు.

ట్యూనర్: మన ఊళ్లో అందరూ ముందు చూడాల్సిందే అది. వివరంగా చెప్తా. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 91 కిలోపాస్కల్స్ దగ్గర ఉంటుంది. చెన్నైలో 101. ఒత్తిడి తక్కువైతే ప్రతి సిలిండర్‌లోకీ వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది. టర్బో లేని కారు చెన్నైలో ఇచ్చే పవర్‌లో దాదాపు పదో వంతు ఇక్కడికి వచ్చేసరికి పోతుంది. ఒక ఊరి డైనోని ఇంకో ఊరి డైనోతో పోల్చాలంటే అందరికీ ఒకే వాతావరణం ఊహించుకోవాలి కదా. అందుకే ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన జె1349 అనే ప్రమాణం ఉంది. 25 డిగ్రీలు, తేమ తీసేసిన పొడిగాలి ఒత్తిడి 99 కిలోపాస్కల్స్, ఆ పరిస్థితిలో ఈ ఇంజిన్ ఎంత ఇచ్చేదో లెక్క కడతారు.

హోస్ట్: బెంగళూరులో ఆ కరెక్షన్ ఫ్యాక్టర్, అంటే గుణించే అంకె, ఎంత పడుతుంది?

ట్యూనర్: 30 డిగ్రీల ఎండ, మామూలు తేమ ఉన్న రోజున ఫార్ములాలో వేస్తే సుమారు 1.14. అంటే కొలిచినదానికి 14 శాతం కలుపుతారు. చెన్నైలో 35 డిగ్రీల రోజున అదే ఫార్ములా 3 శాతం దగ్గర ఆగుతుంది. ఇప్పుడు నీ 158ని 1.14తో భాగించు.

హోస్ట్: 139 చిల్లర... లేదు, 138.6.

ట్యూనర్: మెషీన్ చూసింది 139కి దగ్గర. మిగతా 19 పీఎస్ ఫార్ములా కలిపింది. టర్బో లేని కారైతే ఆ కలపడం న్యాయమే, ఎత్తు వల్ల నిజంగానే పోగొట్టుకుంది కాబట్టి. టర్బో కారు అంత పోగొట్టుకోదు. ఈరోజుల్లో వచ్చే టర్బో పెట్రోల్ ఇంజిన్లలో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్‌లోని మొత్తం ఒత్తిడిని చూసి బూస్ట్‌ని నడుపుతుంది. బయట గాలి పలచగా ఉంటే వేస్ట్‌గేట్‌ని (టర్బోని తప్పించి పొగని వదిలే తలుపు) ఇంకాస్త మూసి, టర్బోని ఇంకా వేగంగా తిప్పి, ఆ లోటు పూడుస్తుంది. పోయిందే తక్కువైనప్పుడు, పోయింది కదా అని 14 శాతం తిరిగి ఇచ్చేస్తే అది లేని పవర్.

హోస్ట్: అంటే టర్బో కారుకి ఎత్తు ప్రభావమే లేదా?

ట్యూనర్: ఉంది, దారి వేరు. ఒక లెక్క చూద్దాం. మ్యానిఫోల్డ్‌లో మొత్తం 2 బార్ (ఒక బార్ అంటే 100 కిలోపాస్కల్స్) కావాలనుకో. చెన్నైలో గాలి 1 బార్ దగ్గర ఉంటుంది కాబట్టి టర్బో దాన్ని రెట్టింపు చేస్తే చాలు. ఇక్కడ 0.91 నుంచి మొదలు, కాబట్టి 2.2 రెట్లు నొక్కాలి. గాలిని ఎంత నొక్కితే అంత వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలుండి, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, రెండు రెట్లు నొక్కినప్పుడు బయటికొచ్చే గాలి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2.2 రెట్లకి 139 దగ్గర. ఆ వేడంతా ఇంటర్‌కూలర్ లాగాలి. లాగలేకపోతే సిలిండర్‌లో నాక్ (పెట్రోల్ అదుపు లేకుండా తనంతట తానే మండడం) మొదలవుతుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ ఆలస్యం చేస్తుంది, పవర్ పడిపోతుంది. పైగా చిన్న టర్బోలు 5000 దాటాక ఊపిరి అందక ఆగిపోతాయి, అక్కడ ఎత్తు దెబ్బ గట్టిగానే కనిపిస్తుంది. అందుకే ఫలానా శాతం కలిపితే సరిపోతుంది అనే ఒకే అంకె టర్బోకి కుదరదు.

హోస్ట్: మరి ఆ ప్రమాణాల్లో దీనికి హద్దు ఏమీ పెట్టలేదా?

ట్యూనర్: పెట్టారు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1585లో ఈ ఫ్యాక్టర్ 0.93 నుంచి 1.07 మధ్య ఉండాలని ఉంది. అది దాటితే టెస్ట్ జరిగిన పరిస్థితులు రిపోర్టులో స్పష్టంగా రాయాలి. మనం 1.14 వేసి, కింద ఏమీ రాయకుండా 158 అని ప్రింట్ ఇస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టి పని చేయించుకునేవాడికి సరైన అంకె చూపించాలి.

హోస్ట్: మరి ఏ అంకె అడగాలి?

ట్యూనర్: అన్‌కరెక్టెడ్, అంటే కరెక్షన్ వేయని అంకె. ముందు, తర్వాత రెండూ అన్‌కరెక్టెడ్, రెండూ చక్రాల దగ్గర, రెండూ ఒకే రోజు, ఒకే మెషీన్. క్రాంక్ అంకె అడగకపోవడమే మంచిది. 15 శాతం నష్టం అని గుడ్డిగా కలిపేస్తుంటారు. గేర్‌బాక్స్‌లో పోయేది పవర్‌తోపాటు అదే నిష్పత్తిలో పెరగదు. కొన్ని డైనోలు రన్ అయిపోయాక క్లచ్ నొక్కి, రోలర్లు వాటంతట అవి ఆగేదాకా చూసి ఆ నష్టాన్ని కొలుస్తాయి. అది కొంత నయం. అయినా మనకి కావలసింది తేడా కదా. చక్రాల దగ్గర ముందు 95, తర్వాత 120 అనుకో. పెరిగింది 25. దానికి ఏ ఊహా అక్కర్లేదు.

హోస్ట్: కరెక్షన్ పేర్లు కూడా రకరకాలుగా ఉంటాయి కదా. ఎస్ఏఈ, ఎస్‌టీడీ...

ట్యూనర్: ఎస్‌టీడీ అనేది పాతది, చల్లటి 15.5 డిగ్రీల గాలిని ఊహించుకుంటుంది. అదే రన్‌ని ఎస్ఏఈ నుంచి ఎస్‌టీడీకి మారిస్తే దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. కారులో ఒక్క బోల్టు కూడా మార్చలేదు. ముందు షీట్ ఒకదాంట్లో, తర్వాత షీట్ ఇంకోదాంట్లో ఉన్నాయేమో చూసుకోవాలి.

హోస్ట్: డైనో రోజు కారుని ఎలా తీసుకురావాలి?

ట్యూనర్: రెండు సెషన్లకీ పెట్రోల్ ఒకటే ఉండాలి. మామూలు పెట్రోల్‌తో బేస్‌లైన్ (మార్పుకి ముందు రీడింగ్) తీసి, 100 ఆక్టేన్ పెట్రోల్ ఎక్స్‌పీ100 పోసి రీమ్యాప్ రీడింగ్ తీస్తే ఎక్కువ ఆక్టేన్ (నాక్‌ని తట్టుకునే గుణం) వల్ల వచ్చినది కూడా రీమ్యాప్ ఖాతాలో పడుతుంది. టైర్లలో గాలి ఒకటే, కారుని డైనోకి కట్టే బెల్టులు బిగించింది ఒకటే, గేరు ఒకటే. 1:1 నిష్పత్తికి దగ్గరగా ఉన్న గేరు పెడతాం. ఇంజిన్ ఆయిల్ వేడెక్కాలి. ముందు పెద్ద ఫ్యాన్ ఉండాలి. ఫ్యాన్ విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. రోడ్డు మీద గంటకి 100 కిలోమీటర్ల వేగంలో తగిలే గాలి షెడ్డులో నిలబడ్డ కారుకి తగలదు.

హోస్ట్: ఎన్ని రన్‌లు తీయాలి?

ట్యూనర్: వరసగా మూడైనా. మొదటిదాంట్లో ఇంటర్‌కూలర్ చల్లగా ఉంటుంది కాబట్టి అంకె బాగుంటుంది. మూడోదానికి అది వేడెక్కి ఉంటుంది. అసలు కారు అక్కడ తెలుస్తుంది. సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నిలబడి, ఫ్లైఓవర్ ఎక్కి యాక్సిలరేటర్ తొక్కితే వచ్చేది ఆ మూడో రన్ పవరే. పెద్ద ఇంటర్‌కూలర్ వేయించినవాళ్లు మొదటి రన్ చూసి, ఏమీ పెరగలేదే అని దిగులు పడతారు. పాత ఇంటర్‌కూలర్‌తో మూడో రన్, కొత్తదాంతో మూడో రన్ పక్కపక్కన పెట్టి చూడాలి. అది పవర్ పెంచడం కంటే ఉన్న పవర్ పడిపోకుండా కాపాడుతుంది.

హోస్ట్: ఎయిర్ ఫిల్టర్ మార్చితే 3 పీఎస్ అంటారు...

ట్యూనర్: జాగ్రత్తగా నడిపిన డైనోలో కూడా రన్‌కీ రన్‌కీ ఒకటి రెండు శాతం తేడా వస్తుంది. 100 మీద రెండు అటూ ఇటూ. 3 పీఎస్ అని చెప్పాలంటే చాలా రన్‌లు తీసి సగటు చూడాలి. ఒక్క షీట్ చూపించి చెప్తే నమ్మొద్దు.

హోస్ట్: పీక్ నంబర్, అంటే గ్రాఫులో అన్నిటికంటే పై అంకె గురించి అడగాలి. అందరూ దాన్నే చెప్పుకుంటారు.

ట్యూనర్: రోజూ నడిపే కారుకి నేను చూసేది 3000 ఆర్‌పీఎం. పోలోలో స్టాక్ (కంపెనీ ఇచ్చిన) టార్క్ 175 న్యూటన్ మీటర్లు. 3000 దగ్గర అది 75 పీఎస్. రీమ్యాప్ దాన్ని 230 చేసిందనుకో, అదే 3000 దగ్గర 98 అవుతుంది. 23 పీఎస్ పెరిగింది, అదీ నువ్వు ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ వాడే చోట. పైన 5500 దగ్గర పది పన్నెండే పెరిగి ఉండొచ్చు, ఫర్వాలేదు. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో ఎంత జాగా ఉందో చూడు. గీత రంపంలా ఉంటే స్మూతింగ్ (గీతని నున్నగా చేసే సెట్టింగ్) ఎంత పెట్టారో అడుగు, రెండిటికీ ఒకటే ఉండాలి.

హోస్ట్: డైనో అందుబాటులో లేనివాళ్లు?

ట్యూనర్: జీపీఎస్ టైమర్ ఉంటే చాలు. కారు, డ్రైవర్ కలిపి 1200 కిలోలు. ఒకే గేరులో 80 నుంచి 120కి వెళ్లడానికి కావలసిన శక్తి 3.7 లక్షల జౌల్స్. ముందు 8 సెకన్లు పట్టిందనుకో, సగటున 63 పీఎస్. తర్వాత 6.5 సెకన్లు పడితే 77. గాలిని చీల్చడానికి పోయేది ఇందులో లేదు, కాబట్టి అసలు అంకె ఇంకాస్త ఎక్కువే. పోలికకి మాత్రం బాగా పనికొస్తుంది. రోడ్డుకి వాలు ఉంటుంది కాబట్టి రెండు వైపులా తీసి సగటు చూడాలి. ఇవన్నీ హోసూరు హైవే మీద చేయొద్దు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే ఉన్నప్పుడు వెళ్లండి.

హోస్ట్: చట్టం సంగతి కూడా చెప్పేయండి.

ట్యూనర్: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్పులు చేయకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. వారంటీ, ఇన్సూరెన్స్ చిక్కులు వేరే. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసే డౌన్‌పైప్ నేను వేయను, ఎంత ఇస్తానన్నా వేయను.

హోస్ట్: చివరిగా ఒకటి. చెన్నైలో ఉన్నప్పుడు రీమ్యాప్ చేయించుకుని, ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చేవాళ్లు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లు ఏం చూసుకోవాలి?

ట్యూనర్: మంచి ప్రశ్న. అక్కడ సముద్రమట్టం దగ్గర రాసిన రీమ్యాప్ ఫైల్ 2.2 బార్ మొత్తం ఒత్తిడి అడుగుతుందనుకో. అక్కడ టర్బో 2.2 రెట్లు నొక్కితే సరిపోయింది, ఇక్కడ 2.4 రెట్లు నొక్కాలి. చిన్న టర్బో షాఫ్ట్ దాని హద్దు దాటి తిరిగే అవకాశం ఉంది. పవర్ తగ్గిందని మీకు తెలియకపోవచ్చు కూడా, ఎందుకంటే ఈసీయూ కష్టపడి అంకె నిలబెడుతుంది, ఆ భారమంతా టర్బో మీద పడుతుంది. అందుకని ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్‌ని చదివే ప్లగ్) లాగర్ (రీడింగులు రికార్డు చేసే పరికరం) పెట్టి, మూడో గేరులో ఒక ఫుల్ థ్రాటిల్ లాగ్ తీయాలి. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ టెంపరేచర్, నాక్ వల్ల వెనక్కి లాగిన టైమింగ్, వేస్ట్‌గేట్ డ్యూటీ (దాన్ని మూసి ఉంచమని ఈసీయూ ఎంత శాతం అడుగుతోందో), ఈ అయిదూ అందులో ఉండాలి. వేస్ట్‌గేట్ డ్యూటీ పైకప్పు తాకి అక్కడే ఉండిపోయి, వచ్చిన బూస్ట్ అడిగినదానికంటే తక్కువగా ఉంటే, ఆ ఫైల్ రాసినవాళ్లకి లాగ్ పంపించి బెంగళూరుకి బూస్ట్ టార్గెట్ తగ్గించమనండి. ఫైల్ సరిచేసేదాకా ఫుల్ థ్రాటిల్ తొక్కొద్దు.

హోస్ట్: లాగ్‌లో ఈ అయిదు కాలమ్‌లు ఎలా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో ఒక నిజమైన ఫైల్ తెరిచి చూద్దాం. థ్యాంక్స్ అన్నా.

ట్యూనర్: అలాగే తమ్ముడూ. లాగర్ నేను తెస్తాను, నువ్వు కారు తీసుకురా.