గొంతు పట్టిస్తుంది

శ్రోతలకు నమస్కారం.

హాస్టల్ నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు. "బాగానే ఉన్నానమ్మా, తిన్నాను" అంటాడు. అమ్మ వెంటనే, "ఏమైందిరా, గొంతు అలా ఉందేంటి?" అని అడుగుతుంది. వాడి మొహం ఆమెకు కనిపించడం లేదు. మాటల్లో బాధ అన్న ఊసే లేదు. మరి ఆమెకు ఎలా తెలిసింది?

యేల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ క్రౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద చేసిన ప్రయోగాలు 2017లో వెలువడ్డాయి. ఎదుటివారి మనసులో ఏముందో చెప్పమని ఆయన కొందరిని అడిగారు. మనిషిని చూస్తూ విన్నవారి కంటే గొంతు మాత్రమే విన్నవారే ఎక్కువ సరిగ్గా చెప్పారు. ఒకసారైతే అపరిచితులను చీకటి గదిలో కూర్చోబెట్టి మాట్లాడించారు. అక్కడా అంతే. రేడియోలో మాట్లాడుతున్నందుకేమో, ఈ సంగతి చదివినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో!

కళ్లు కూడా తోడైతే ఇంకా బాగా తెలియాలి కదా? అలా ఎందుకు జరగలేదంటే, నలుగురిలో మొహం మామూలుగా పెట్టుకోవడం మనకు చిన్నప్పుడే అలవాటవుతుంది. లోపల ఎంత టెన్షన్ ఉన్నా నవ్వగలం. గొంతు అంత తేలిగ్గా చెప్పినమాట వినదు. వణుకుతుంది, పూడుకుపోతుంది. మన నాట్యశాస్త్రం కన్నీరు, చెమట, వణుకులతో పాటు స్వరభేదాన్ని కూడా ఎనిమిది సాత్త్విక భావాల్లో చేర్చింది. మనసు కదిలితే వాటంతట అవే బయటపడేవి ఇవి.

మొహాన్ని మనం మరీ ఎక్కువగా నమ్ముతాం. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, పాయింటు గెలిచిన, ఓడిన టెన్నిస్ ఆటగాళ్ల మొహాలు మాత్రమే చూపిస్తే ఎవరు గెలిచారో జనం పోల్చుకోలేకపోయారు. మొహం తీసేసి ఒళ్లు మాత్రమే చూపిస్తే పోల్చుకున్నారు.

ఇంకొక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఎదుటివారి స్థానంలో మనల్ని ఊహించుకుంటే వారి మనసు తెలుస్తుందంటారు. 2018లో ముగ్గురు పరిశోధకులు 25 ప్రయోగాలు చేసి చూస్తే, అలా ఊహించుకున్నందువల్ల అంచనాలు మెరుగుపడలేదు. నేరుగా మాట్లాడి తెలుసుకున్నప్పుడు మెరుగుపడ్డాయి. ఇంట్లోవాళ్ల మనసు నాకు తెలుసులే అనుకుని, అడగకుండా ఊరుకున్న రోజులు నాకెన్నో గుర్తొచ్చాయి.

ఆ అమ్మ అలా ఊరుకోలేదు. గొంతులో తేడా వినగానే అడిగింది. ఫోన్‌లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడు మెల్లగా, "పరీక్ష సరిగా రాయలేదమ్మా" అన్నాడు.