చేపలు లేని తొట్టికి మేత

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ వారం ఇంట్లో కొత్తగా పెట్టుకునే మంచినీటి అక్వేరియం గురించి మాట్లాడుకుందాం. మీ సందేహాలు తీర్చడానికి మత్స్యశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను తీసుకుందాం. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారమండి. నిన్ననే రెండడుగుల తొట్టి కొన్నాను. కంకర కడిగి పరిచాను, నీళ్లు నింపాను, ఫిల్టరు కూడా నడుస్తోంది. చేపలు కొనడానికి వెళదామని మా పాప పొద్దుటి నుంచి చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇవాళే వేసేయవచ్చా మేడం?

నిపుణురాలు: పాపను చెప్పులు విప్పేయమనండి. కనీసం ఇంకో నెల పడుతుంది.

మొదటి శ్రోత: నెలా! నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయండి.

నిపుణురాలు: మెరుస్తాయి. విషం కలిసినా అలాగే మెరుస్తాయి, అదే చిక్కు. చేప మొప్పల నుంచి ఎప్పుడూ అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే వస్తుంది. ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలే. నైట్రేట్ కొంత పేరుకున్నా తట్టుకుంటుంది, వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. అన్నట్టు, నైట్రైట్, నైట్రేట్ అనే పేర్లు కవలల్లా ఉంటాయి. నీటిని రంగు మార్పుతో పరీక్షించే టెస్ట్ కిట్ సీసాలు పట్టుకుని నేనే ఒకసారి పొరబడ్డాను, చూసుకోండి. మీ తొట్టిలో ఈ బాక్టీరియా ఇంకా స్థిరపడలేదు. ఇప్పుడు చేపలు వేస్తే మురుగు కాలువ లేని ఇంట్లో కాపురం పెట్టినట్టే.

మొదటి శ్రోత: మరి దాన్ని ఎక్కడి నుంచి తేవాలండి?

నిపుణురాలు: అదే వస్తుంది, దానికి తిండి ఉంటే చాలు. సువాసన, సబ్బు కలపని అమ్మోనియా దొరికితే లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండేలా కలపండి. దొరక్కపోతే రోజూ చిటికెడు చేపల మేత వేయండి, అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఫిల్టరును మాత్రం రాత్రీ పగలూ ఆపకండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరుగుతుంది. అది దిగిరావడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. చివరకు ఒక సాయంత్రం మళ్లీ అంతే మోతాదులో అమ్మోనియా కలిపి చూడండి. మర్నాటి సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే తొట్టి సిద్ధం. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బులు లేని పాత తొట్టి ఉంటే దాని ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి, చాలా రోజులు కలిసి వస్తాయి.

వ్యాఖ్యాత: ఇంకో ఫోను. హలో, చెప్పండమ్మా.

రెండో శ్రోత: మేడం, నేను ఆ నెలా ఆగలేదు. పదకొండు చేపలు వేస్తే ఐదో రోజుకు ఏడు పోయాయి. నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి కొట్టుకున్నాయి. శుభ్రతలో లోపం లేదండి. రెండు రోజులకోసారి స్పాంజి తీసి, గోధుమరంగు జిగురంతా పోయి తెల్లబడేదాకా కుళాయి కింద పిండేదాన్ని.

నిపుణురాలు: అయ్యో! బాక్టీరియా ఉండేది ఆ జిగురులోనేనమ్మా. ఫిల్టరులో కుదురుకుంటున్న దాన్ని మీరే కడిగేశారు, మిగిలినదాన్ని కుళాయి నీటి క్లోరిన్ చంపింది. పైకి వచ్చి నోళ్లు తెరవడం చూస్తే అమ్మోనియానో నైట్రైటో పెరిగిందనిపిస్తోంది. నైట్రైట్ ఎక్కువైతే నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేప రక్తం దాన్ని మోయలేదు.

రెండో శ్రోత: మిగిలిన నాలుగింటినైనా కాపాడుకోవచ్చా?

నిపుణురాలు: ప్రయత్నిద్దాం. రోజూ పరీక్షించండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే మూడో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు తొట్టిలో ఉన్నంత వెచ్చగా ఉండాలి, క్లోరిన్ తీసేసే మందు వేసి ఉండాలి. బకెట్లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ, కొన్నిచోట్ల కుళాయి నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ అనే మందు కలుపుతారు, అది అలా పోదు. మేత రోజు విడిచి రోజు, కొద్దిగా. స్పాంజి మరీ పూడిపోతేనే తీసి, తొట్టిలోంచి తోడిన నీళ్లలో ఒకటి రెండుసార్లు నొక్కండి. తెల్లబడాలని చూడకండి. చావు ఆగే వరకు కొత్త చేపలు తేకండి.

మూడో శ్రోత: తొట్టిని పుస్తకాల అరమీద పెట్టవచ్చా అండి? 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ముప్పయ్యేసి.

నిపుణురాలు: నీళ్లే 54 లీటర్లు, అంటే 54 కిలోలు. గాజు, కంకర కలిస్తే 70 దాటవచ్చు. అంత బరువు మోసే సమతలమైన బల్ల కావాలి. ఎండ పడే కిటికీకి దూరంగా పెట్టండి, లేకపోతే నాచు పడుతుంది.

వ్యాఖ్యాత: ఇందాకటి తొట్టి వారింటి నుంచే మళ్లీ ఫోను. హలో?

పాప: ఆంటీ, నేను చెప్పులు విప్పేశాను. చేపలు లేకుండానే రోజూ మేత నేను వేయవచ్చా?

నిపుణురాలు: వేయమ్మా. చిటికెడే సుమా, గుప్పెడు కాదు. నాన్నగారు పరీక్ష చేసిన రోజున గొట్టంలో ఏ రంగు వచ్చిందో పుస్తకంలో రాసిపెట్టు.

పాప: ఏ పుస్తకంలో ఆంటీ?