టిక్కీల మీద అప్పు

అందరికీ నమస్కారం. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసేవారికి సరఫరా, డిమాండ్ పాఠం మిర్చి యార్డులోనే దొరుకుతుంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

కూరలో పడే కారం ఎప్పుడూ అంతే పడుతుంది. ధర సగానికి దిగిందని ఎవరూ రెట్టింపు కారం వేసుకోరు, పెరిగిందని చప్పిడి కూర తినరు. దీన్నే అవ్యాకోచ డిమాండ్ అంటారు. ఇలాంటి సరుకు కొద్దిగా ఎక్కువ వచ్చినా ధర బాగా పడిపోతుంది. పంట విరగపండిన ఏడాదే రైతు అప్పుల పాలవడం వెనుక ఉన్న లెక్క ఇది. తూకంలో, కమీషన్‌లో అన్యాయం జరగదని నేను అనను. కానీ దళారి లేకపోయినా ఆ ఏడాది ధర పడేది.

నిరుడు ధర బాగుంటే రైతు ఈ ఏడు పత్తి మానేసి మిరప వేస్తాడు. ఒక్కడికైతే అది సరైన ఆలోచనే. గుంటూరు, ప్రకాశం, అటు ఖమ్మం, వరంగల్ రైతులందరూ అలాగే అనుకుంటే, నారు నాటిన రోజే ధరకు గండి పడినట్టు. 2017లో ఆ దుస్థితి చూశాం. చివరకు మే నెలలో కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని ప్రకటించవలసి వచ్చింది.

ఇక మన సంగతి. రైతు కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చికి వచ్చిన రసీదును తాకట్టు పెట్టుకుని అప్పు ఇస్తున్నామనుకోండి. 100 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కొక్కటి 40 కిలోలు, మొత్తం 40 క్వింటాళ్లు. క్వింటాలు 10,000 లెక్కన సరుకు విలువ 4 లక్షలు. ధర దిగితే ఆదుకోవడానికి విలువలో 25 శాతం మార్జిన్‌గా వదిలేసి 3 లక్షలు ఇస్తాం. ధర 7,000కు దిగితే సరుకు విలువ 2 లక్షల 80 వేలే. అసలుకే చాలదు, వడ్డీ, స్టోరేజీ అద్దె ఆపైన.

అప్పుడు సరుకు అమ్మి కట్టమని నోటీసు ఇస్తాం. పక్క బ్రాంచీ కూడా ఇస్తుంది. అందరి టిక్కీలూ ఒకే వారం యార్డుకు చేరితే ధర ఇంకా దిగుతుంది. మన తాకట్టు విలువను మన నోటీసే కరిగిస్తుంది! పది మంది పేర్ల మీద పది ఖాతాలు ఉన్నాయని ధైర్యంగా ఉంటాం. ఆ పదీ ఒకే ధర మీద నిలబడి ఉన్నాయన్నది ఏ ఖాతాలోనూ కనిపించదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

అందుకే అప్పు మంజూరు చేసే ముందు ఈనాటి ధర ఒక్కటే చూడకండి. సాగు ఎంత పెరిగింది, పోయిన ఏటి నిల్వలు స్టోరేజీల్లో ఎంత ఉన్నాయి, చైనాకు తేజ రకం మిర్చి ఎగుమతి ఎలా ఉంది, కనుక్కుని రాసుకోండి. సాగూ పెరిగి, పాత సరుకూ మిగిలి ఉంటే మార్జిన్ ముందే పెంచాలి. ఆ అధికారం మీకు లేకపోతే ఈ అంకెలు జతచేసి ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. చేతికి వచ్చే డబ్బు తగ్గిందని రైతు నొచ్చుకుంటాడు. కూర్చోబెట్టి, ఇప్పుడు నేను చెప్పిన టిక్కీల లెక్కే కాగితం మీద వేసి చూపండి, అర్థం చేసుకుంటాడు. గడువులు కూడా అందరికీ ఒకే నెలలో పెట్టకుండా విడివిడిగా పెట్టండి.

ఇక మీ బ్రాంచీల అనుభవాలు చెప్పండి, వింటాను.