త్రో-ఇన్‌కి ఆఫ్‌సైడ్ ఉండదండీ

అందరికీ నమస్కారమండి. కమిటీ పెద్దలకి, పొద్దున్నించీ వంటల దగ్గర నిలబడ్డ వాలంటీర్లకి, ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలకి తాతయ్యలకి, ఆ వెనక గోడవారన నిలబడ్డ పిల్లలకి అందరికీ పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ భోజనాల టైమ్ దగ్గర పడింది కాబట్టి ఇలా కలిపి చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

నాకు ఇచ్చిన టాపిక్ ఇక్కడ అమెరికాలో సాకర్, అదే మన ఫుట్‌బాల్, ఆడే పిల్లలకి తల్లిదండ్రుల సపోర్ట్. ఏ వయసులో ఏ క్లబ్బులో వెయ్యాలి, ట్రయౌట్స్‌కి, అదే టీమ్ సెలక్షన్లకి, ఎలా రెడీ చెయ్యాలి, కాలేజీ స్కాలర్‌షిప్ దాకా ఎలా తీసుకెళ్ళాలి, ఇవి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా, ఇదిగో కాగితం. ముందు ఇది గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే నేను అసలు చెప్పాలనుకుని వచ్చింది ఇందులో లేదు.

స్కాలర్‌షిప్ సంగతి. కాలేజీ ఆటల్లో కింది మెట్టు డివిజన్ 3, ఆ కాలేజీలు ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ వాళ్ళూ ఇవ్వరు. పై మెట్టు డివిజన్ 1లో కూడా సాకర్‌కి వచ్చేది చాలామందికి పూర్తి ఫీజు కాదు, తలా కొంత పంచుతారు. ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి చూసి ఈ లెక్క వేసుకోవద్దు. ఇక వయసు సంగతి, ఎనిమిదేళ్ళ లోపు నలుగురికి నలుగురు, గోల్‌కీపర్ కూడా ఉండడు. తొమ్మిది పదేళ్ళ వాళ్ళకి ఏడుగురు, పదకొండు పన్నెండుకి తొమ్మిది మంది, పదమూడు వచ్చాకే అసలు పదకొండు మంది ఆట. గ్రౌండ్ చిన్నది చేసింది ప్రతి పిల్లాడి కాలికీ బంతి ఎక్కువసార్లు తగలాలని. పదేళ్ళ లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని ఈ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య యూఎస్ సాకర్ 2015లోనే చెప్పింది, అయినా "హెడ్ చెయ్, హెడ్ చెయ్" అని అరిచే నాన్నల్ని నేను ఇప్పటికీ చూస్తున్నాను. కాలిఫోర్నియాలో 1964లో మొదలైన ఏవైఎస్ఓ అనే పిల్లల సాకర్ సంస్థ వాళ్ళ మొదటి సూత్రం ఏంటంటే ప్రతి పిల్లాడూ కనీసం సగం ఆట ఆడాలి. అంటే మీవాడు ఎంత బాగా ఆడినా కాసేపు బయట కూర్చుంటాడు, పక్కింటివాళ్ళ అబ్బాయి ఆడతాడు. దానికి కోచ్ మీద కోప్పడొద్దు.

సరే, కాగితం అయిపోయింది.

ఒక్క మాట అడుగుతాను, చేతులెత్తండి. రిఫరీ మీద ఒక్కసారైనా అరిచినవాళ్ళు ఎంతమంది? ... పర్లేదు, ఎత్తండి, నాది కూడా ఎత్తాను చూడండి. ఇప్పుడు రెండోది. ఆ రిఫరీ వయసెంతో తెలిసినవాళ్ళు?

అదండీ.

మా అమ్మాయి పద్నాలుగేళ్ళకి రిఫరీ కోర్సు చేసింది. 13 నిండితే గ్రాస్‌రూట్స్, అంటే మొదటి మెట్టు రిఫరీ లైసెన్స్ తీసుకోవచ్చు. పసుపు చొక్కా, నల్ల షార్ట్స్, విజిల్, జేబులో చిన్న పుస్తకం, చేతికి వాచీ. ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడి చెయ్యి ఎత్తడం ప్రాక్టీస్ చేసింది, ఇండైరెక్ట్ ఫ్రీ కిక్‌కి, అదే నేరుగా గోల్ కొట్టకూడని కిక్‌కి, చెయ్యి పైకి అలా ఎత్తే ఉంచాలట, వాళ్ళమ్మ ముందు పది సార్లు చేసి చూపించింది. ఊరి పేరు, లీగు పేరు చెప్పను. అక్టోబర్, శనివారం పొద్దున, గడ్డి మీద ఇంకా మంచు ఉంది, పదేళ్ళ లోపు పిల్లల ఆట, ఏడుగురికి ఏడుగురు. ఇలాంటి గేములకి లైన్ రిఫరీలు ఉండరు, అదొక్కతే. నేను అటు మూలకి చెట్టు కింద నిలబడ్డాను. రెండు టీముల్లోనూ మన పిల్లలే ఎక్కువ, కాబట్టి లైను పొడుగునా మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో కాఫీ, సగం అరుపులు తెలుగులోనే, "కొట్టరా", "ముందుకెళ్ళరా", "అటు కాదురా ఇటూ". కోచ్ ఏమో ఆగు, పాస్ చెయ్ అంటున్నాడు, నాన్న కొట్టరా అంటున్నాడు, పిల్లాడు బంతి వదిలేసి లైను వైపు చూస్తున్నాడు. ఆ చూపు మీరు గమనించారో లేదో, ఈసారి గమనించండి.

సెకండాఫ్‌లో ఒక బాబు త్రో-ఇన్ వేశాడు, అదే పక్క లైను దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరాడు, అది డిఫెండర్ల వెనకాల ఒంటరిగా ఉన్న ఇంకో బాబుకి నేరుగా వెళ్ళింది, వాడు గోల్ కొట్టాడు. మా అమ్మాయి సెంటర్ వైపు చెయ్యి చూపించింది, గోల్ అని. ఇటు వైపు ఒకాయన లేచి "ఆఫ్‌సైడ్!" అని అరిచాడు, ఆయనతో పాటు నలుగురు లేచారు. ఎదుటి డిఫెండర్లని దాటి ముందే నిలబడ్డవాడికి బంతి అందిస్తే తప్పు, అదీ ఆఫ్‌సైడ్ అంటే. కానీ త్రో-ఇన్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదండీ. గోల్ కిక్‌కి ఉండదు, కార్నర్‌కి ఉండదు, త్రో-ఇన్‌కి ఉండదు. రూల్స్ పుస్తకంలో 11వ రూలు, ఆ రూల్స్ రాసే ఐఫాబ్ వాళ్ళ యాప్‌లో ఉచితంగా ఉంది, ఈ హాల్లోంచి బయటికి వెళ్ళేలోపు దించుకోండి.

గేమ్ అయ్యాక ఆయన గ్రౌండ్‌లోకి వచ్చేశాడు. నీకు రూల్స్ తెలుసా అని ఇంగ్లీషులో అడిగాడు. అది త్రో-ఇన్ సర్, దానికి ఆఫ్‌సైడ్ ఉండదు అని చెప్పింది, గొంతు వణుకుతోంది గానీ చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి పక్కాయనతో తెలుగులో, "ఇంకా బొడ్డూడలేదు, రిఫరీ అంట" అన్నాడు. అది పసుపు చొక్కాలో ఎవరో అమ్మాయి అనుకున్నాడు, తెలుగు రాదనుకున్నాడు.

ఆయన చెడ్డమనిషి కాదండి. ఉగాదికి మా పక్కన కూర్చుని భోంచేసినవాడే. ఇప్పుడీ హాల్లో ఉన్నాడో లేదో నేను వెతకలేదు, వెతకను కూడా.

కార్లో కూర్చున్నాక అడిగింది, "నాన్నా, బొడ్డూడలేదు అంటే ఏంటి?" తెలుగు నేర్పించినవాణ్ణి నేనే, అర్థం కూడా నేనే చెప్పాలి కదా, చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు కూడా అన్నయ్య గేముల్లో అరిచేవాడివి కదా, అప్పటి రిఫరీల్లో ఎవరి మొహమైనా గుర్తుందా?" అంది. ఒక్కళ్ళది కూడా గుర్తు లేదండి. నాలుగేళ్ళు ప్రతి శనివారం అరిచాను, ఒక్క మొహం గుర్తు లేదు.

ఆ విజిల్ తీసి డ్రాయర్లో పడేసింది. ఒక సీజన్ మొత్తం ముట్టుకోలేదు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, టాపిక్ దాటుతున్నానేమో, దాటనివ్వండి. నేను పెరిగింది సికింద్రాబాద్‌లో. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ గురించి మా నాన్న చెప్తే గంటలు గంటలు వినేవాళ్ళం. సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ టీచర్, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌నీ ఇండియా టీమ్‌నీ తయారు చేసినవాడు, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో ఆయన కొడుకు హకీం ఉన్నాడు. కోచ్ తండ్రే. హకీం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇంట్లో ఆ తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో గానీ, నాకు తెలిసిందల్లా ఆ హకీం ఆట వదల్లేదు, తర్వాత ఫిఫా రిఫరీ అయ్యాడు, 2017లో ధ్యాన్ చంద్ అవార్డు తీసుకున్నాడు. తండ్రి టీములో చోటు దొరకని కొడుకు జీవితాంతం ఫుట్‌బాల్‌తోనే ఉన్నాడు. నేను వారంవారం దగ్గరుండి తీసుకెళ్ళిన కొడుకు పన్నెండేళ్ళకి మానేశాడు.

మా అబ్బాయి సంగతి. ఆట అయ్యాక క్లీట్స్, అదే ఆట బూట్ల, లేసులు విప్పడానికి వాడికి పదినిమిషాలు పట్టేది. గడ్డిలో కూర్చుని, షిన్‌గార్డ్స్ తీసి, మేజోళ్ళు పడ్డ అచ్చులు రుద్దుకుంటూ, ఒక్కో ముడి విప్పేవాడు. ఎంత నిదానంరా నువ్వు అని తిట్టేవాణ్ణి. కార్లో నా సీటు వెనకాలే కూర్చునేవాడు. నేను ఇంటిదాకా ఆ పాస్ ఎందుకివ్వలేదు, ఆ బంతి ఎందుకు వదిలేశావు అని చెప్తూనే ఉండేవాణ్ణి, మంచికే చెప్తున్నాననుకునేవాణ్ణి. మానేస్తానన్నప్పుడు ఇష్టం లేదు అన్నాడంతే. ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, చెల్లెలి గొడవ అయ్యాక ఫోన్లో అడిగాను. "లేసులు కావాలనే మెల్లగా విప్పేవాణ్ణి నాన్నా, కారెక్కడం ఇష్టం లేక" అన్నాడు. వాడు ఆ సీటే ఎందుకు ఎంచుకున్నాడో కూడా అప్పుడే వెలిగింది, అద్దంలో నాకు కనపడేవాడు కాదు.

అమ్మా, మీరందరూ ఉన్నారు, నాన్నలూ ఉన్నారు, చేతులు జోడించి అడుగుతున్నాను. కారెక్కాక ఆకలేస్తోందా అని అడగండి, ఏం తింటావు అని అడగండి, ఆట గురించి వాడు ఎత్తితే మాట్లాడండి, ఎత్తకపోతే పాటలు పెట్టుకోండి. గ్రౌండ్ దగ్గర చప్పట్లు కొట్టండి, ఎదుటి టీమ్ గోల్ కొట్టినా కొట్టండి, అటువైపు కూడా ఒక తల్లి కూర్చుని ఉంటుంది. ఆట మధ్యలో సలహాలొద్దు, కోచ్ ఉన్నాడు. రిఫరీ తప్పు చేస్తే చెయ్యనివ్వండి, మన పిల్లలు పాస్ తప్పడం లేదా? 2025 మార్చి నుంచి రిఫరీల మీద దౌర్జన్యానికి యూఎస్ సాకర్ కొత్త పాలసీ పెట్టింది, ప్రేక్షకులకి కూడా సస్పెన్షన్ పడుతుంది. కానీ నేను మిమ్మల్ని ఆ భయంతో ఆగమనట్లేదు.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు, రెండు నిమిషాలు.

మా అమ్మాయి విజిల్ మళ్ళీ బయటికి తీసింది. నేను చెప్పలేదు, అదే తీసింది. వచ్చే శనివారం తొమ్మిదింటికి దాని మొదటి గేమ్, మళ్ళీ పదేళ్ళ లోపు పిల్లలదే. నాన్నా నువ్వు లైను దగ్గరికి రావద్దు, పార్కింగ్‌లోనే ఉండు అంది, సరే అన్నాను, కార్లోనే కూర్చుంటాను. మీలో ఎవరి పిల్లలైనా ఆ గేమ్‌లో ఉండొచ్చు. గేమ్ అయ్యాక దాని దగ్గరికి వెళ్ళి థాంక్స్ చెప్పండి, తెలుగులో చెప్పండి, దానికి వచ్చు. మీ పిల్లలు కూడా రిఫరీ కోర్సు చేస్తామంటే అదిగో ఆ తలుపు పక్కన టేబుల్ మీద కాగితం పెట్టాను, పేరు రాయించండి.