దూలానికి కొట్టిన రెండు మేకులు

సభకు నమస్కారం. అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఉక్కలో వచ్చి కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, వెనక గోడవారన నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఎవరి పేరైనా చెప్పకపోతే మన్నించండి. ప్రకాశం పంతులు గారి జయంతికి ఒంగోలులో నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు పాఠం చెప్పినవాడికి ఇంతకంటే ఏం కావాలి.

పంతులు గారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఈ ఊళ్లోనే పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఇదంతా మీకు తెలుసు. ఏ పిల్లవాణ్ణి లేపి అడిగినా 1928 ఫిబ్రవరి 3 సంగతి కూడా చెబుతాడు. సైమన్ కమిషన్ వచ్చిన రోజు. మద్రాసులో హర్తాళ్. హైకోర్టు దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడాలని పంతులు గారు వెళ్తే తుపాకులు అడ్డం పెట్టారు. ఆయన చొక్కా విప్పి గుండె చూపించి కాల్చమన్నాడు. దారి ఇచ్చారు. ఆంధ్రకేసరి అయ్యాడు.

ఆ గుండె గురించి ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి నేను ఆ తుపాకీ గురించి మాట్లాడతాను. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉన్నాయి, వాటిని తీయను. రెండు నెలలుగా నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఎందుకో చెబుతాను.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు, టెక్సాస్‌లో, డల్లాస్‌కి పైన. మనవాళ్లు బాగా ఉండే చోటు. మీలో చాలామంది పిల్లలు కూడా అక్కడే ఉండుంటారు. రెండు నెలల కిందట ఫోన్ చేసి, మాటల మధ్యలో, "నాన్నా, ఇంట్లో ఒక గన్ కొని పెడదామనుకుంటున్నా" అన్నాడు. ఫ్రిజ్ కొంటున్నా అన్నంత మామూలుగా అన్నాడు.

వాడి భయం ఉత్తిదే అని నేననను. 2023 మేలో వాళ్లింటికి దగ్గర్లోనే, అలెన్ అనే ఊళ్లో, షాపింగ్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపితే ఎనిమిది మంది పోయారు. అందులో మన తెలుగమ్మాయి ఒకతె, ఇంజనీరు. గ్యాస్ స్టేషన్లలో రాత్రి డ్యూటీలు చేసుకుంటూ తూటాలకు బలైన మన పిల్లల వార్తలు పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు? ఆ రాష్ట్రంలో 2021 నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే చేతితుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. చుట్టుపక్కల అందరి దగ్గరా ఉన్నప్పుడు నా దగ్గర లేకపోతే ఎట్లా అన్నది వాడి ప్రశ్న. ఇద్దరు పసిపిల్లల తండ్రి. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రేపు మాట్లాడతాను" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర లేదు.

తుపాకీ కావాలనేవాళ్ల మాట కూడా నిలబెట్టి చెప్పుకోవాలి. లేకపోతే అది ధర్మం కాదు. 1878లో తెల్లవాళ్లు ఆయుధాల చట్టం తెచ్చి, మన వాళ్లకు లైసెన్సు కావాలన్నారు, తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చుకున్నారు. గాంధీ గారంతటి వారే దాన్ని బ్రిటిష్ పాలన చేసిన చీకటి పనుల్లో ముందు చెప్పుకోవాల్సినదన్నారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా రాసుకున్నారు. అల్లూరి మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే కదా. అదీ ఆగస్టు నెలే, 1922. ఇన్ని జరిగాక కూడా రాజ్యాంగం రాసుకునేటప్పుడు మన పెద్దలు ఆ హక్కును అందులో పెట్టలేదు. 19వ అధికరణంలో సభ జరుపుకునే హక్కు ఇస్తూ, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అన్నారు. ఈ పూట మనం ఇక్కడ కూర్చున్నది ఆ మాట కిందే. అమెరికా వాళ్లు మాత్రం ఆయుధం ఉంచుకునే హక్కును 1791లో తమ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. వాళ్ల దారి వాళ్లది.

ఇక మా ఇంటి సంగతి. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

మాది కనిగిరి వైపు మెట్ట పల్లె. అప్పట్లో మా తాలూకా నెల్లూరు జిల్లా కింద ఉండేది, 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చాం. మా నాయన తుపాకీ లైసెన్సు పుస్తకం మీద ముందు నెల్లూరు ముద్ర, తర్వాతి పేజీల్లో ఒంగోలు ముద్ర ఉండేవి. పంట కాపలా లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలో రైతుకు పంట కాపాడుకోవడానికి మూతిలోంచి మందు కూరే తుపాకీ ఇవ్వొచ్చని ఉంది. మా నాయనది అదే. మందు పోసి, పాత గుడ్డపీలిక కుక్కి, రవ్వలు పోసి ఇనప కడ్డీతో కూరేవాడు. అది పెద్ద పని. అర్ధరాత్రి చేలో పంది పడినప్పుడు ఇదంతా చేస్తూ కూర్చుంటే అది ఆగుతుందా? అందుకని వేరుశనగ ఊడలు దిగే రోజుల నుంచి పంట ఇంటికొచ్చేదాకా కూరి పెట్టే ఉంచేవాడు. వసారాలో దూలానికి రెండు మేకులు కొట్టి, వాటి మీద అడ్డంగా. కింద నిలబడితే ఆముదం, కాలిన మందు కలిసిన వాసన వచ్చేది. పిల్లలం చెయ్యెత్తితే అందేది కాదు. పెద్దయ్యాక అందింది.

నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు నా తమ్ముడు. చాలా మెత్తని మనసు, అంతే తొందర. పందొమ్మిదేళ్లప్పుడు ఇంటర్ తప్పాడని నాయన నలుగురిలో ఒక మాట అన్నాడు. వీడు పోయి ఊరిబావిలో దూకాడు. మేకలు తోలుకుపోతున్న ఒకాయన చూసి, వెంటే దూకి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. అది మధ్యాహ్నం. రాత్రికి అమ్మ పక్కన కూర్చుని గోంగూర కలుపుకుని అన్నం తిన్నాడు. నాకు బాగా గుర్తు, రెండోసారి పెట్టించుకున్నాడు. మధ్యాహ్నం చచ్చిపోవాలనుకున్న మనిషి రాత్రికి ఆకలేసి అన్నం తిన్నాడు! ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. పెళ్లి చేసుకున్నాడు. ఒక కూతురు పుట్టింది. ఆ తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా మళ్లీ ఆ ఊసెత్తినట్టు నాకు తెలియదు.

1983 జనవరిలో అసెంబ్లీ ఎన్నికలు. రామారావు గారు గెలిచిన ఎన్నికలు. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించాలి కదా, మాదీ అప్పగించాం. ఫలితాలొచ్చాక ఊళ్లో అందరూ తెచ్చుకున్నారు. నాయన మాత్రం, "పోనీలేరా, ఈ యేడు చేలో ఏముందని, అక్కడే ఉండనీ" అన్నాడు. వినండి, మా నాయన అక్కడే ఉండనీ అన్నాడు. నేనే వినలేదు. అప్పటికి నేను మాస్టర్ని, ముప్ఫై దాటినవాణ్ణి, సైకిలున్నవాణ్ణి. మన తుపాకీ స్టేషన్‌లో పడుంటే ఊళ్లో చులకన అనుకున్నాను. నాయన చేత కాగితం రాయించుకుని వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం చేసి తెచ్చాను. గోనెసంచిలో చుట్టి బస్సెక్కితే జనం జరిగి చోటిచ్చారు. ఆ చోటిచ్చినందుకు నేను పొంగిపోయాను. ఇంటికి తెచ్చి ఆ రెండు మేకుల మీద నా చేత్తోనే పెట్టాను.

ఆ ఏడు తమ్ముడు అప్పు చేసి బావి తవ్వించాడు. బండ పడింది, నీళ్లు పడలేదు. మెట్టలో బావి తవ్వినవాళ్లకు ఆ మాట చాలు, నేను వివరించక్కర్లేదు. అప్పిచ్చినాయన ఇంటికొచ్చాడు. నాయనకూ వాడికీ మాటా మాటా పెరిగింది. అది 1974లో, వాడు బావిలో దూకిన రోజు జరిగినదాని లాంటి గొడవే. అంతకంటే పెద్దదేం కాదు. వాడు వసారాలోకి వెళ్లాడు. కూరి పెట్టిన తుపాకీ. ఈసారి మేకలాయనకు పరిగెత్తుకొచ్చే వ్యవధి లేదు. అమ్మకు అన్నం పెట్టే వ్యవధి లేదు. మోత వినపడ్డాక ఇక ఎవరం ఏం చేసినా ఒకటే.

(మంచినీళ్లు ఇవ్వమ్మా. ఫర్వాలేదు, నేను మాట్లాడగలను.)

అదే మనిషి. అదే మనసు. అదే తొందర. బావి వాణ్ణి మాకు తిరిగి ఇచ్చింది, తుపాకీ ఇవ్వలేదు. నలభై ఏళ్లుగా నేను ఆలోచిస్తున్నది ఇంతే. మనిషికి కోపం వస్తుంది, దుఃఖం వస్తుంది, పోతుంది. పోయేదాకా ఆగనివ్వాలి. తుపాకీ ఆగనివ్వదు. తుపాకీ మంచి మనిషి చేతిలో ఉందా, చెడ్డవాడి చేతిలో ఉందా అని వాదించుకుంటాం. మంచివాడికి కూడా ఒక చెడ్డ ఘడియ ఉంటుందయ్యా! ఆ ఘడియలో అది చేతికందే ఎత్తులో ఉందా లేదా, నాకు అదొక్కటే ప్రశ్న.

గన్ కొంటానని ఫోన్ చేసిన మర్నాడు మా అబ్బాయికి ఇదంతా చెప్పాను. బాబాయి జబ్బుతో పోయాడని వాడికి చెప్పి పెంచాం. నలభై ఏళ్ల అబద్ధాన్ని ఫోన్లోనే విప్పాల్సి వచ్చింది. చాలాసేపు వాడేం మాట్లాడలేదు. తర్వాత వాడే లెక్కలు తీసి పంపించాడు. అమెరికాలో జనం 33 కోట్ల మందయితే, జనం దగ్గరున్న తుపాకులు 39 కోట్లకు పైగా ఉంటాయని 2018లో ఒక అంచనా. 2021లో అక్కడ తూటాలకు పోయినవాళ్లు 48 వేల పైచిలుకు. అందులో సగం మందికి పైగా తమను తామే కాల్చుకున్నవాళ్లు. సగానికి పైగా! మాల్‌లో, బడిలో కాల్పులు జరిగితే టీవీల్లో చూస్తాం. ఈ సగం మంది ఏ టీవీలోనూ రారు. మా తమ్ముడూ ఏ పేపర్లోనూ రాలేదు. దొంగ కోసమని తెచ్చుకున్న తుపాకీ దొంగ రాకముందే ఇంట్లోవాళ్ల మీదికి తిరుగుతోంది. వెనక ఉన్న బాబులూ, మీరు ఫోన్లలో చూసే తుపాకీ వీడియోల్లో ఈ లెక్క చెప్పరు.

చేస్తే కాదా అంటే, అవుతుంది. ఆస్ట్రేలియాలో 1996 ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్ అనే చోట ఒక్కడు 35 మందిని చంపాడు. పన్నెండు రోజుల్లో అక్కడి ప్రభుత్వాలన్నీ కూర్చుని కొత్త నిబంధనలకు ఒప్పుకున్నాయి. జనం దగ్గర నుంచి ఆరు లక్షలకు పైగా తుపాకులు డబ్బిచ్చి కొని ధ్వంసం చేశారు. మన దేశంలోనూ 2019లో చట్టం మార్చి, ఒక మనిషికి మూడు తుపాకులుండొచ్చన్నది రెండుకు తగ్గించారు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సంబరానికి గాల్లోకి కాల్చి జనాన్ని ప్రమాదంలో పెడితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. మంచి పనే. కానీ అదే చట్టంలో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. అది నాకు నచ్చలేదు. ఐదేళ్లలో ఒక ఇంట్లో ఎన్ని బావులకు బండ పడుతుంది? మూడేళ్లకోసారైనా ఎవరో ఒక అధికారి ఆ ఇంటి సంగతి కనుక్కునేవాడు.

ఇక పందుల సంగతి. మొన్న ఒక రైతుల మీటింగులో, ఊరికి పది తుపాకులివ్వండి, పందుల పని మేం చూసుకుంటాం అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ రైతుల బాధ నాకు తెలియనిది కాదు. ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగ బోర్లా తిరగేసి పోతాయి. కడుపు మండుతుంది. ఆ మంటలో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు, దానికి పంది కంటే ముందు మనిషి పోతున్నాడు. అది నేరం, దయచేసి మానండి. కేరళలో 2022లో ఊరి పంచాయతీ అధ్యక్షుడికే అధికారం ఇచ్చి, లైసెన్సున్న షూటర్లతో పందుల్ని కొట్టించడం మొదలుపెట్టారు. అట్లాంటిది అడుగుదాం. సోలార్ కంచెకు సబ్సిడీ అడుగుదాం. నష్టపరిహారం అర్జీలు నేను కూర్చుని రాసిపెడతాను, ఎన్నయినా సరే. కానీ ఇంటింటికీ ఒక తుపాకీ వద్దు. పంది సీజన్ నాలుగు నెలలు. దూలానికి తుపాకీ పన్నెండు నెలలూ ఉంటుంది.

అధ్యక్షుల వారు చీటీ పంపించారు. అయిపోవచ్చింది, రెండు నిమిషాలు.

మీలో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఉంటారు. ఈ రాత్రి ఇంటికెళ్లి చూసుకోండి. కూరి ఉంటే తీసేయండి. తుపాకీ ఒకచోట, మందు, తూటాలు ఇంకోచోట తాళంలో పెట్టండి, తాళంచెవి మీ మొలతాడుకే ఉండాలి. ఇంట్లో ఎవరైనా అప్పుల్లో ఉన్నా, పరీక్ష తప్పినా, ముభావంగా ఉన్నా, ఆ రోజుల్లో తుపాకీ ఇంట్లో ఉంచకండి. స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న తుపాకుల డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవచ్చు. చట్టంలో ఉంది. నామోషీ పడకండి. ఆ నామోషీ పడినవాణ్ణి మీ ముందు నిలబడ్డాను. మనసు బాగాలేనివాళ్ల కోసం 14416 అని ప్రభుత్వ ఫోన్ నంబరుంది, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలూ, రాసుకోండి. 14416.

మా తమ్ముడి కేసు ముగిశాక ఆ తుపాకీ తీసుకెళ్లమని కబురొచ్చింది. నాయన వద్దన్నాడు. ఈసారి నేనూ వద్దన్నాను. మేకులు మాత్రం దూలానికే ఉన్నాయి, పీకడానికి అమ్మ ఒప్పుకోలేదు.

సభ అయ్యాక నేను కింద మెట్ల దగ్గర ఉంటాను. ఎవరికైనా తుపాకీ అప్పగించాలని ఉండి, అర్జీ ఎట్లా రాయాలో తెలియకపోతే నా దగ్గరికి రండి. మా నాయనకు రాసిపెట్టింది నేనే.

నమస్కారం.